ఒకే బొంగు, రెండు విళ్లు: 40 పౌండ్లకని మొదలుపెట్టింది 33 దగ్గర ఎందుకు ఆగింది

ఒకే వెదురు బొంగును నిలువునా చీల్చగా వచ్చిన రెండు బద్దలతో రెండు విళ్లు చేశాం. రెంటికీ కొలతలు, పనిముట్లు, పనిచేసిన చేతులు ఒకటే. మొదటిది 33 పౌండ్ల దగ్గర చతికిలబడింది, రెండోది 41 లాగుతోంది. (పౌండ్లంటే ఇక్కడ విల్లు తూకం కాదు, దాన్ని పూర్తిగా లాగడానికి పట్టే బలం. దాన్నే వింటి బరువు అంటాం.) వెదురు విల్లు ఫట్టుమని విరగడం తక్కువ. ఎక్కువగా మెత్తబడి పోతుంది. విరిగితే కారణం కళ్ల ముందే ఉంటుంది. మెత్తబడితే మాత్రం వెదురే మంచిది కాదని దాని మీదకు తోసేస్తాం. ఇక్కడ బొంగు ఒకటే కాబట్టి ఆ సాకు చెల్లదు.

కావలసింది ఇది: 27 అంగుళాలు లాగే మనిషికి, 20 నుంచి 30 మీటర్ల దూరంలో గడ్డిమోపు గురికి కొట్టడానికి, 40 పౌండ్ల విల్లు. అంటే సుమారు 18 కిలోలు. (వేటకు కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉండగా ఆ మాటే వద్దు.) విల్లు పొడవు 66 అంగుళాలు పెట్టుకున్నాం. లాగుడుకు రెండింతలు 54, దాని మీద పది పన్నెండు అంగుళాలు కలిపితేనే వెదురుకు ఊపిరాడుతుంది. అరవైకి దించితే బాణం కాస్త చురుగ్గా వెళ్తుంది కానీ మొదటి విల్లు చేసేవాళ్లకు ఆ ఆశ వద్దు.

పేర్ల విషయం ముందే చెప్పుకోవాలి. ఎక్కుపెట్టిన విల్లులో గురి వైపు ఉండేది వీపు, మన వైపు ఉండేది కడుపు. పిడికి పైన పై రెక్క, కింద కింది రెక్క. నారి తగిలించే గాట్లు కొప్పులు. వీపు సాగుతుంది, కడుపు నలుగుతుంది. వెదురులో నార దట్టంగా ఉండేది పైచర్మం దగ్గర, లోపలికి పోయేకొద్దీ పలుచబడుతుంది. అందుకే చర్మాన్ని వీపుగా ఉంచి, చెక్కుడంతా కడుపు వైపే చేస్తాం.

బొంగు

ముళ్ల వెదురు. పొలం గట్టు మీది పొద నుంచి, వానలు వెనకబడ్డాక డిసెంబరులో కొట్టింది. 2017లో అటవీ చట్టాన్ని సవరించాక అడవి కాని చోట పెరిగిన వెదురును చెట్టుగా లెక్కించడం లేదు. అడవిలోది మాత్రం ఇప్పటికీ అనుమతి ఉంటేనే. నల్లమల చెంచులు, భద్రాచలం వైపు కోయలు తరతరాలుగా వెదురు విళ్లే వాడుతూ వచ్చారు. తడ చెట్టుకు సంస్కృతంలో ధన్వన అనే పేరు వింటి వల్లే వచ్చిందంటారు, దాని కర్ర కూడా బాగా వంగుతుంది. అయితే ఊళ్లో తడ దుంగ వెతుక్కోవడం కంటే వెదురు తెచ్చుకోవడం తేలిక.

మూడు నాలుగేళ్ల బొంగు కావాలి. లేత బొంగు మీద తెల్లటి పొడి, కణుపుల దగ్గర పొరలు ఉంటాయి, పచ్చగా నిగనిగలాడుతుంది. ముదిరినదాని మీద బూజులాంటి మచ్చలు కనిపిస్తాయి, తడితే ఖణేలుమంటుంది. నేల నుంచి మీటరు వదిలి పైన రెండు మీటర్ల ముక్క తీసుకున్నాం. వ్యాసం 9 సెంటీమీటర్లు, గోడ మందం 20 మిల్లీమీటర్లకు పైనే. మచ్చుకత్తితో నాలుగు బద్దలుగా చీల్చి, కోసిన కొసలకు వెంటనే ఫెవికాల్ పూసి, గాలి ఆడే చోట నీడన అడ్డంగా పేర్చాం. పుచ్చు పట్టకుండా బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో ముందే నానబెట్టడం మంచిది.

కణుపులు ఎక్కడెక్కడ పడ్డాయన్నది ఈ కథకు ముఖ్యం. 168 సెంటీమీటర్ల బద్దలో ఐదు కణుపులు. ఒకటి పిడిలోకి పోయింది. కింది రెక్కలో నడిమి నుంచి 38, 72 సెంటీమీటర్ల దగ్గర రెండు. పై రెక్కలో 31, 63 దగ్గర రెండు. పై రెక్క మొదటి కణుపు పిడికి ఏడు సెంటీమీటర్లు దగ్గరగా ఉందన్నమాట. పిడికి దగ్గరయ్యేకొద్దీ రెక్క మీద భారం పెరుగుతుంది. టేపుతో రెండు రెక్కలకూ ఒకే మందాలు గుర్తు పెట్టి చెక్కినా అవి ఒకేలా వంగవు. ఆ సంగతి బద్ద చేతికి రాగానే తెలిసి ఉండాల్సింది.

రెండు బద్దల్లోనూ కొలతలు ఇలా పెట్టాం: నడిమి నుంచి రెక్క పొడవులో మూడింట రెండు వంతుల దాకా 38 మిల్లీమీటర్ల వెడల్పు, అక్కడి నుంచి సన్నబడుతూ కొప్పుల దగ్గర 14. పిడి వెడల్పు మాత్రం 30, మందం 17. రెక్క మధ్యలో మందం 12, 13 మధ్య, కొస దగ్గర 10. ఇవన్నీ వీపు ఉబ్బెత్తు మీద, నడి గీతలో కొలిచినవి. బొంగు గుండ్రన వల్ల అంచుల్లో నాలుగు మిల్లీమీటర్లు తక్కువే ఉంటుంది. అంచు దగ్గర కొలిచి మందం తగ్గిందని కంగారు పడేవాళ్లున్నారు.

మొదటి విల్లు

ఆగస్టులో మొదలైంది. డిసెంబరు నుంచి ఎనిమిది నెలలు ఆరింది కదా అనుకోవడమే మొదటి పొరపాటు. వెదురు ఒకసారి ఎండితే ఎండినట్టు ఉండిపోదు, గాలిలోని చెమ్మతో పాటు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. మేలో తూచితే బాగానే ఉండేది. కోస్తాలో ఆగస్టు గాలికి మళ్లీ తాగేసింది. పని మొదలైన రోజు కోసిన తోక ముక్కను ప్లాస్టిక్ సంచిలో మూసి ఉంచాం కాబట్టి తర్వాత లెక్క తేలింది. 57 గ్రాముల ముక్క. ఓవెన్‌లో 100 డిగ్రీల దగ్గర, ఇక బరువు తగ్గని దాకా ఉంచితే 50 గ్రాములు మిగిలింది. ఏడును యాభైతో భాగిస్తే 14 శాతం తేమ. వింటికి కావలసింది 8 నుంచి 10.

రెండో పొరపాటు అందం కోసం చేసింది. వీపు మీద కణుపుల దగ్గర చిన్న గట్టు ఉంటుంది. వాటిని ఆకురాయితో చర్మం మట్టానికి రుద్దేశాం. కడుపు వైపు కణుపు పొరను కూడా చిత్రికతో పక్క భాగంతో సమం చేశాం. చూడటానికి రూళ్లకర్రలా నున్నగా వచ్చింది. కణుపు దగ్గర వెదురు నార నేరుగా పోదు, మెలికలు తిరిగి పోతుంది. లాగుడుకు అదే బలహీనమైన చోటు. దాని మీది గట్టును కొట్టేయడమంటే ఉన్న కాసిని నారల్ని కూడా తెంపడమే.

గోడకు బిగించిన కొయ్య మీద పిడి ఆనించి, నారిని కప్పీ మీదుగా తాడుతో లాగుతూ వంపు చూశాం. సామాను తూచే డిజిటల్ కాటాను తాడుకు తగిలిస్తే బరువు కిలోల్లో తెలుస్తుంది. 22 అంగుళాల దగ్గర 38 పౌండ్లు చూపింది. బరువు ఎక్కువుందని రెండు రెక్కలూ సమంగా గీకాం. 24 దగ్గర 36. ఆ రోజుకు ఆపేశాం.

మర్నాడు పొద్దున మళ్లీ లాగితే అదే 24 దగ్గర 32. మధ్యలో ఎవరూ ముట్టుకోలేదు, ఒక్క పొట్టు కూడా రాల్లేదు.

గీకకుండానే బరువు తగ్గిందంటే ఎక్కడో కడుపు నలిగిపోయిందని అర్థం. ఆ క్షణంలో చేయాల్సిన పని ఒక్కటే, లాగడం ఆపడం. నారి విప్పి, రెండు కొసల మధ్య దారం బిగించి పిడి దగ్గర ఎడం కొలిస్తే 48 మిల్లీమీటర్లు. మొదట్లో తిన్నగా ఉన్న బద్ద అంత వంగిపోయింది. రెండు గంటలాగి కొలిస్తే 41కి వచ్చింది. విప్పిన వెంటనే ఒకసారి, ఆగాక ఒకసారి కొలిచి రెండూ రాసుకోవాలి. వెనక్కి వచ్చేది అలసట, రానిది దెబ్బ.

చోటు పట్టుకోవడం

కంటికి వంపు బాగానే కనిపించింది. అనుభవం ఉన్నవాళ్ల కన్ను కూడా రెక్క మొత్తాన్ని చూస్తుంది, నాలుగు అంగుళాల్లో జరిగేది దాటేస్తుంది. దీనికి పైసా ఖర్చు లేని పరికరం ఒకటుంది. ఆరంగుళాల తిన్నని చెక్కముక్క తీసుకుని నడిమిలో బెజ్జం వేసి, పెన్సిలు ముక్కను బిగుతుగా దూర్చాలి. ఎక్కుపెట్టి కాస్త లాగి ఉంచిన విల్లు కడుపు లోనికి పల్లంగా ఉంటుంది. చెక్కముక్కను దాని మీద ఆనిస్తే రెండు కొసలు తగిలి నడుమ సందు మిగులుతుంది. ఎక్కువ వంగిన చోట సందు ఎక్కువ. అన్నిటికంటే ఎక్కువ సందు ఉన్న చోట పెన్సిలు మొన తగిలీ తగలనట్టు సరిచేసి, ఇక ముక్కను రెక్క పొడుగునా జరుపుతూ పోవాలి. వంపు తక్కువైన చోట పెన్సిలు గీత పడుతుంది. గీత పడ్డ చోట గీకాలి, పడని చోట ముట్టుకోకూడదు.

కింది రెక్కలో గీత దాదాపు అంతటా పడింది. పై రెక్కలో నడిమి నుంచి 31 సెంటీమీటర్ల దగ్గర నాలుగు వేళ్ల మేర ఖాళీ. సరిగ్గా కణుపు మీదే. కాలిపర్ పెడితే అక్కడ 11.9 మిల్లీమీటర్లు, అటూ ఇటూ 12.6. ముప్పాతిక మిల్లీమీటరు కూడా లేదు కదా అనిపిస్తుంది. గట్టితనం మందం ఘనాన్ని బట్టి మారుతుంది. 11.9ని 12.6తో భాగించి మూడుసార్లు గుణిస్తే 0.84 వస్తుంది. అంటే అక్కడ రెక్క 16 శాతం మెత్తన. దానికి మెలికల నార, తెగిన గట్టు, 14 శాతం తేమ తోడయ్యాయి. అక్కడ తలుపు బందులా మడత పడుతూ వచ్చింది, మిగతా రెక్క పని చేయకుండా కూర్చుంది.

కడుపు మీద ఏటవాలు వెలుతురులో చూస్తే, గోటితో తడిమితే, అడ్డగీతలేమీ తగల్లేదు. తగిలి ఉంటే విల్లు అక్కడితో ఆఖరు. లేవు కాబట్టే కాపాడే ప్రయత్నం చేశాం. మెత్తని చోటుకు మందం కలపలేం, కాబట్టి మిగతా అంతటా తగ్గించాలి. పై రెక్కలో కణుపు వదిలి తక్కినదంతా, తర్వాత దానికి దీటుగా కింది రెక్కంతా గీకితే వంపు సరైంది. కణుపు వీపు మీద ముప్పై మిల్లీమీటర్ల మేర గట్టి దారం వరుసగా చుట్టి ఎపాక్సీ పూశాం, నార లేవకుండా. 27 అంగుళాల దగ్గర 33 పౌండ్లు. ఏడు పౌండ్లు పొట్టుగా నేల మీద పడ్డాయి.

తేమ వాటా ఎంత, కణుపు వాటా ఎంత? చెక్కపెట్టెలో రెండు 40 వాట్ల ఫిలమెంటు బల్బులు పెట్టి, లోపల 40 డిగ్రీలు దాటకుండా పైన బెజ్జాలు వేసి, మూడు వారాలు ఈ వింటిని అందులో ఉంచాం. తీశాక 35 పౌండ్లు. నారి విప్పగానే వంగుడు 48 నుంచి 44కి మాత్రమే వచ్చింది. ఎండితే గట్టితనం కొంత వెనక్కి వస్తుంది, నలిగిన కడుపు మాత్రం బాగుపడదు. చెమ్మ కణుపును చెడగొట్టలేదు, చెడిన కణుపు మీద భారం వేసిందంతే. పెద్ద వాటా ఆకురాయిదే.

రెండో విల్లు

అదే బొంగు, పక్క బద్ద. ఫిబ్రవరి. ముందే మూడు వారాలు బల్బుల పెట్టెలో ఉంచి, రోజు మార్చి రోజు తూచి, బరువు నిలకడగా ఆగాక బయటికి తీశాం. తోక ముక్క లెక్క 54.5 గ్రాములకు 50, అంటే 9 శాతం.

వీపు మీద కణుపు గట్లను వదిలేశాం. పదును అంచును మాత్రం గరుకు కాగితంతో రెండు మూడు సార్లు పొడుగునా రుద్ది గుండ్రం చేశాం. కడుపు వైపు కణుపు దగ్గర పక్కకంటే ఒక మిల్లీమీటరు పైన మందం ఉంచాం. పై రెక్క 31 సెంటీమీటర్ల దగ్గర కణుపు 14, పక్కన 12.8. ఆ ఎత్తు ఒక్కసారిగా దిగకూడదు, అటూ ఇటూ రెండేసి అంగుళాల వాలుతో కలిసిపోవాలి. నిట్రగా దిగితే గట్టి చోటు అంచునే కొత్త మడత పుడుతుంది. నున్నటి కడుపు కాదు, మెల్లని అలలున్న కడుపు కావాలి.

కడుపును బొగ్గుల సెగ మీద తేనెరంగు వచ్చేదాకా కాల్చడం మంచి పద్ధతే, వెదురుకు బాగా పనిచేస్తుంది. ఇక్కడ కావాలనే చేయలేదు. చేస్తే రెండు విళ్ల మధ్య తేడా దేని వల్ల వచ్చిందో చెప్పడానికి ఉండదు.

వంపు దిద్దడంలో మొదటిసారి తొందర పడ్డాం, ఈసారి కట్టుబాటు పెట్టుకున్నాం. వదులు నారితో కొసలు ఆరంగుళాలు సమంగా వంగేదాకా నారి బిగించలేదు. తర్వాత పిడికి, నారికి మధ్య మూడంగుళాల ఎడంతో, ఆపైన ఆరుతో ఎక్కుపెట్టాం. గీకిన ప్రతిసారీ అప్పటిదాకా వచ్చిన లాగుడుకు ఓ రెండంగుళాలు తక్కువగా పాతిక ముప్పై సార్లు మెల్లగా లాగి వదిలాకే కొలత తీసుకోవాలి. గీకిన ఫలితం వెంటనే కనపడదు, కసరత్తు చేశాకే బయటపడుతుంది. ఆగకుండా గీకేవాళ్ల విళ్లన్నీ అనుకున్నదానికంటే ఐదు పౌండ్లు తక్కువగా రావడానికి కారణం ఇదే. ఇంకో కట్టుబాటు: ఏ దశలోనూ కాటా మీద 40 పౌండ్లను ఒకటికి మించి దాటనివ్వకూడదు. 20 అంగుళాల దగ్గరే 40 చూపిస్తే అక్కడే ఆగి గీకాలి, 21కి పోకూడదు. చివరి రెండంగుళాలకు చిత్రిక కాదు, గాజుపెంకు లేదా పదునైన ఇనపరేకు. కింది రెక్కను కాస్త గట్టిగా ఉంచాలి. ఎక్కుపెట్టినప్పుడు పిడికి రెండు వైపులా ఒకే దూరంలో నారికి, రెక్కకు మధ్య ఎడం కొలిస్తే పైన నాలుగైదు మిల్లీమీటర్లు ఎక్కువుండాలి. బాణం పెట్టే చోటు నడిమికి పైన ఉండటం వల్ల కింది రెక్క మీద పని ఎక్కువ పడుతుంది.

ఫలితం 27 అంగుళాల దగ్గర 41 పౌండ్లు. నారి విప్పిన వెంటనే వంగుడు 19 మిల్లీమీటర్లు, రెండు గంటలాగాక 13. అవిసె నూనె నాలుగు పూతలు, పూతకూ పూతకూ మధ్య ఒకరోజు. నూనె చెమ్మను ఆపదు, ఆలస్యం చేస్తుందంతే. వానాకాలంలో ఈ విల్లు కూడా పౌండు రెండు పౌండ్లు దిగుతుంది, అప్పుడు గట్టిగా లాగి సరిచేయాలని చూడకూడదు.

నారి, అంబులు

నారికి డేక్రాన్ బీ-50 అనే పాలిస్టరు దారం 12 పోగులు. రెండు కట్టలుగా పేని, మైనం పట్టించి, పై కొసన మెలిపెట్టిన కన్ను, కింద ముడి. పోగు ఒక్కోటి సుమారు 50 పౌండ్లు ఓర్చుతుంది, నారి మొత్తం వింటి బరువుకు నాలుగింతలైనా ఆగాలి. ఏమాత్రం సాగని కొత్తరకం దారాలు వెదురు కొప్పుల్ని చీలుస్తాయి, వద్దు. ఎక్కుపెట్టిన ఎడం ఆరుంబావు అంగుళం. అంబు లేకుండా నారి లాగి వదలడం, ఒక్కసారైనా సరే, పనికిరాదు.

రెండో వింటికి మొదట ఇచ్చిన అంబులన్నీ గురికి ఎడమగా పోయాయి. కొట్టేవాడిది కుడిచేతి వాటం. విల్లు మెలి తిరిగిందేమోనని అనుమానం వచ్చింది కానీ తప్పు అంబులది. అవి బిరుసెక్కువ. అంబు బిరుసు కొలవాలంటే 26 అంగుళాల ఎడంతో రెండు మేకుల మీద పెట్టి, నడిమిన 2 పౌండ్లు, అంటే 907 గ్రాములు వేలాడదీసి, ఎంత దిగిందో చూడాలి. 26ను ఆ దిగుడు అంగుళాలతో భాగిస్తే పౌండ్లు వస్తాయి. మొదటివి 13 మిల్లీమీటర్లు దిగాయి, అంటే 50 పౌండ్ల బిరుసు. ఈ పిడి వెడల్పు 30 మిల్లీమీటర్లు, కాబట్టి అంబు నడిగీతకు 15 మిల్లీమీటర్లు పక్కన కూర్చుంటుంది. పిడిని చుట్టుకుని తిన్నబడాలంటే అది వింటి బరువు కంటే కొంత మెత్తగా ఉండాలి. 35 పౌండ్ల బిరుసున్నవి, అంటే 19 మిల్లీమీటర్లు దిగేవి ఏరి కట్టాక తిన్నగా పోయాయి.

అంబు కట్టడంలో చెప్పుకోవాల్సింది మళ్లీ కణుపే. సన్న వెదురు కర్రలో నారి గాటు కణుపుకు ఏడెనిమిది మిల్లీమీటర్ల వెనక పడాలి, చీలిక కణుపు దగ్గర ఆగిపోతుంది. గాటు కింద దారం చుట్టి జిగురు పూయడం తప్పనిసరి, లేకపోతే చీలిన కర్ర బొటనవేలి సందులోకి వస్తుంది. పొడవు 28న్నర అంగుళాలు, లావు కొస ముందుకు. ములికి 100 గ్రెయిన్లు, అంటే ఆరున్నర గ్రాములు. టర్కీకోడి ఈకలు మూడు, నాలుగంగుళాలవి, మూడూ ఒకే పక్క రెక్కవి. మొత్తం బరువు 28 గ్రాములు, పౌండుకు పది గ్రెయిన్లకు కొంచెం పైనే. ఇంతకంటే చాలా తేలికైతే ఆ దెబ్బ అంబుకు కాక వింటికి తగులుతుంది.

రెండో విల్లు ఇప్పటికి ఆరు వందల బాణాలు వేసింది. వంగుడు విప్పిన వెంటనే 22 మిల్లీమీటర్లు. ఎక్కుపెట్టే ముందు వీపు మీద దూదిపింజ రుద్దడం అలవాటు చేశాం, నార ఎక్కడైనా లేస్తే దూది అక్కడ చిక్కుకుంటుంది. పై రెక్క మొదటి కణుపు దగ్గర మాత్రం రెండుసార్లు రుద్దుతాం. మొదటి విల్లు నేర్చుకునేవాళ్ల కోసం గోడకు వేలాడుతోంది. అంతకు మించి లాగొద్దని దాని కడుపు మీద పెన్సిలుతో 25 అంగుళాలు అని రాసి, కింద రెండు గీతలు కొట్టి ఉంది.